మస్కట్ పెట్టె, ఆర్మూర్ సంచి

సంచి నోరు కిందికి తిప్పి పెద్దబాపు గట్టిగా దులిపాడు.

నా సామానంతా వాకిట్లో ఆరబోసిన పసుపు మీద పడింది. స్క్రూలు విప్పే పేచ్కస్‌లు రెండు, బోల్టులు తిప్పే పానాలు రెండు, ఒక కటింగ్ ప్లేయర్, ఒక సాల్డరింగ్ గన్. అన్నిటికంటే చివర కరెంటు కొలిచే మీటర్ పడింది. పాత లంగా గుడ్డలో చుట్టి ఉండబట్టి పగల్లేదు.

“ఏంది శ్యామలా ఇదంత?”

పసుపును తిరగేస్తున్న అమ్మ నడుము ఎత్తింది. “సామాన్, బావ.”

“సామాన్ అని నాకు గూడ తెలుసు. నా కండ్లేం పోలె. ఎవ్వలిది అంటున్న.”

“ఎవ్వలిదో తెలిసే కద సంచి తీస్కొచ్చి కుమ్మరిస్తిరి.”

నాన్నకు అన్న అయిన పెద్దబాపుకు అమ్మ ఇలా ఎదురు చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు. అరుగు మీద కూర్చున్న నాయనమ్మ కూడా వినలేదనుకుంటాను. నోట్లోకి పోతున్న తమలపాకు చేతిలోనే ఆగిపోయింది.

పెద్దబాపు నా వైపు తిరిగాడు. “విద్యావతి దుకాణం ముంగట బల్ల ఏసుకొని కూసుంటవంట. వచ్చే సోమారం నుంచి. నిన్న చాయ్ హోటల్ల నలుగురు అనుకుంటుంటె నాకు తెలిసింది. ఈ లచ్చన్న ఇంటి ముచ్చట ఈ లచ్చన్నకే చాయ్ హోటల్ల తెలవాల్నా?”

నేను నేల వంక చూశాను. అవునన్నాను, నాకే వినబడలేదు. నాకిది కొత్త కాదు. పదో తరగతిలో హాజరు పిలిస్తే నా గొంతు వినబడక సారు రెండుసార్లు రాలేదని రాసుకున్నాడు. నేను ముందు బెంచీలోనే ఉన్నాను.

ఆర్మూర్ పాత బస్టాండు దగ్గర విద్యావతి గారికి పంపుల దుకాణం ఉంది. వీపుకు తగిలించుకుని పంటకు మందు కొట్టే బ్యాటరీ పంపులు అమ్ముతుంది. రిపేరు చేసే మనిషి దుబాయ్ పోయినప్పటి నుంచి చెడిపోయిన పంపులు దుకాణం వెనక గుట్ట పడ్డాయి. మక్కజొన్నకు పురుగు పట్టిన రోజులు. రైతులు వచ్చి తిట్టి పోతున్నారు. నేను మా ఊళ్ళో పదకొండు పంపులు బాగుచేశానని ఎవరో చెబితే కబురు పెట్టింది. ఆమె చెప్పింది ఒక్కటే. బల్ల నాది, సామాను నీది. సోమవారం తొమ్మిదింటికి రా.

ఇవాళ శుక్రవారం.

“ఇంటి ఆడివిల్ల బస్టాండు కాడ పానా పట్టుకొని కూసుంటె మన ఇజ్జత్ ఏం గావాలె?” అన్నాడు పెద్దబాపు.

“పొలంల పార పట్టుకొని వంగుతె పోని ఇజ్జత్ పానా పట్టుకుంటె పోతదా బావ?”

“నువ్వు నడుమల రాకు. నేను పిల్లతోని మాట్లాడుతున్న.” వంగి ఒక పేచ్కస్ తీసి ఎండకు పట్టి చూశాడు. “ఎంత పెట్టి కొన్నవ్ దీన్ని?”

“తొంభై,” అన్నాను.

“ఏం? ఇనవడలె.”

“తొంభై రూపాయలు పెద్దబాపు.”

“తొంభైకి ఏమొస్తది? రెండు రోజులల్ల వంగుతది. రోడ్డు మీది సామాన్. అక్కడ మీ బాపు మస్కట్ల ఎండల మాడుకుంట ఫారిన్ సామాన్ పంపిండు. నిండా డబ్బ. అది ఇంట్ల ఉండంగ గీ చిల్లర సామాన్ కొన్నవంటె మీ బాపు మొకం మీద కొట్టినట్టే గద!”

ఆ మాట నాకు తగిలింది. ఎందుకంటే ఆ పేచ్కస్ నేను ఊరికే కొనలేదు.

మొదట నేను చేసింది తప్పే. పోయిన దసరా ముందు ఫోన్‌లో చూసి నలభై ఆరు రకాల పనిముట్ల సెట్టు ఒకటి తెప్పించుకున్నాను. నీలం రంగు పెట్టె, లోపల వరసగా మెరిసే ముక్కలు. ఇంత తక్కువకు ఇన్నా అని మురిసిపోయాను. మూడో బోల్టు దగ్గరే పిడి లోపల పళ్ళు అరిగి గిర్రున తిరిగింది. నలభై ఆరింటిలో నాకు పనికొచ్చేవి నాలుగే. ఆ నాలుగూ మెత్తని ఇనుము. ఎవరికీ చెప్పకుండా పెట్టెను ధాన్యం బస్తాల వెనక పెట్టేశాను.

ఆ తర్వాత పంపు విప్పిన ప్రతిసారీ ఏ సామాను ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నానో రాసుకున్నాను. పదకొండు పంపులకు పేచ్కస్ అన్నిటికన్నా ఎక్కువ. పానాల్లో రెండే సరిపోయాయి. సుత్తి ఒక్కసారి కూడా లేదు. ఆ కాగితం పట్టుకుని ఆర్మూర్‌లో హనుమాన్లు సేటు ఇనుప సామాన్ల దుకాణానికి పోయాను.

సేటు పెద్ద సెట్టు తీసి ముందు పెట్టాడు. నేను అడ్డంగా తల ఊపాను. విడిగా ఇవ్వమన్నాను. ప్లేయర్ నోరు మూసి ట్యూబ్‌లైటుకు ఎత్తి పట్టి చూశాను. మొదటి దానిలో పళ్ళ సందు నుంచి వెలుతురు గీతలా కనబడింది. పక్కన పెట్టాను. రెండోదీ అంతే. నాలుగో దానిలో వెలుతురు రాలేదు. పేచ్కస్ మొనను గల్లాపెట్టెకున్న స్క్రూలో పెట్టి తిప్పి, మొన అంచు మొద్దుబారిందేమో గోటితో చూశాను.

“పిల్లా, పెండ్లిచూపులకు వచ్చినట్టు చూస్తున్నవ్ గద పేచ్కస్‌ను,” అని సేటు నవ్వాడు. “కట్నమేమన్న అడుగుతవా?”

దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అయినా చేతిలోది వదల్లేదు. మీటర్ దగ్గర మాత్రం నేను బేరం ఆడలేదు. కరెంటు తాకే వస్తువులో చవక చూడకూడదని నాకు తెలుసు. సేటును టార్చిలైటు బ్యాటరీ అడిగి తీసుకుని, మీటర్ పెట్టి అంకె చూసి, మంచిదే కొన్నాను. మిగిలిన డబ్బులతో రెండు కొసలకూ రెండు సైజులుండే పానాలు. పది-పదకొండు ఒకటి, పన్నెండు-పదమూడు ఒకటి.

“ఇంకో ఆరు సైజులున్నయ్, తీస్కపో,” అన్నాడు సేటు.

“వాటి పని వచ్చినప్పుడు వస్త,” అన్నాను.

ఇదంతా పెద్దబాపుకు చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియలేదు. నోరు తెరిస్తే మాత్రం వేరే మాట వచ్చింది.

“మస్కట్ డబ్బ తెరువు పెద్దబాపు.”

పెద్దబాపు చేతిలోని పేచ్కస్ కిందికి దించాడు.

“ఏమన్నవ్?”

“డబ్బ తెరువు. దాంట్ల సామాన్ పనికొస్తె గివన్ని సేటుకు వాపస్ ఇచ్చొస్త. విద్యావతమ్మకు రానని చెప్త. పనికి రాకుంటె సోమారం పోత.”

పెద్దబాపు నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. నేను కన్ను దించలేదు.

“అవ్వా, విన్నవా? నీ మనవరాలు నాతోని పందెం కడుతున్నది,” అన్నాడు నాయనమ్మతో. ముఖంలో నవ్వు ఉంది. “సరె. కట్టు. మా తమ్ముని సామాన్ మీద నాకు నమ్మకమున్నది.”

ఆ నవ్వు చూసి పందెం ఒప్పుకున్నాడనే అనుకున్నాను.

ఆ పెట్టె నాలుగేళ్ళ కింద వచ్చింది. పక్క ఊరతను సెలవుకు వస్తుంటే బాపు ఇచ్చి పంపాడు. మూత మీద ఇంగ్లీషు, అరబ్బీ అక్షరాలు. ఇంటికి పెద్దవాడు కాబట్టి పెద్దబాపు తన గదిలో బీరువా మీద పెట్టాడు. తాళంచెవి నాయనమ్మ కొంగుకు కట్టాడు. కొత్త సామానుకు గాలి తగలొద్దని ఒక్కరోజు కూడా మూత తీయలేదు. చుట్టాలు వస్తే బయటి నుంచే చూపించేవాడు. దసరా వచ్చిందంటే కిందికి దించి, ట్రాక్టరుకు చేసినట్టే పసుపు పూసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ దాని మీదే కొట్టేవాడు. ఏటా అంతే. మొదటి దసరాకు నేనూ ఆ నీళ్ళు చేతిలో పట్టుకుని తాగాను.

పెద్దబాపు పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని వచ్చి అరుగు మీద పెట్టాడు. నాయనమ్మ తాళంచెవి తీసి ఇస్తూ కళ్ళకద్దుకుంది.

తాళం తిరగలేదు. కొబ్బరినూనె వేశాం. రెండోసారికి తిరిగింది. మూత మాత్రం రాలేదు. పెద్దబాపు మోకాలు పెట్టి లాగాడు.

మూత లేవగానే వచ్చింది పసుపు వాసన కాదు. పాడుబడ్డ బావి దగ్గర వచ్చే వాసన.

మూత సందులోంచి దిగిన కొబ్బరినీళ్ళు, పసుపునీళ్ళు అడుగున గట్టిపడి మట్టిలా ఉన్నాయి. అందులో పానాలు కూరుకుపోయి ఉన్నాయి. ఒకదాన్ని లాగితే ఎర్రటి పొడి నా వేళ్ళకు అంటింది. ప్లేయర్ నోరు తెరుచుకోలేదు. డ్రిల్ మిషన్ పైకి బాగానే ఉంది కానీ దాని బ్యాటరీ ఉబ్బి పక్కకు పగిలింది. ఒక్కసారి కూడా ఛార్జింగ్ పెట్టని బ్యాటరీ అది. దాని మీద అంటించిన ప్లాస్టిక్ కాగితం కూడా ఇంకా తీయలేదు.

గెలిచానన్న మాట నాకు గుర్తే రాలేదు.

“నా కొడుకు,” అంది నాయనమ్మ. పానాను ఒళ్ళో పెట్టుకుని కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. తుడిచేకొద్దీ కొంగు ఎర్రబడింది. “నా కొడుకు రెక్కలు ముక్కలు చేసుకొని పంపిండు.”

“ఫారిన్ ఇనుముకు ఇక్కడి గాలి పడలేదు,” అన్నాడు పెద్దబాపు.

“గాలి గాదు పెద్దబాపు. కొబ్బరినీళ్ళు.”

“అంటె దేవునికి చేసింది తప్పా?”

“చేసింది తప్పు గాదు. తెరువకపోవుడు తప్పు. పూజ చేసినంక తుడిచి నూనె రాస్తె వందేండ్లు ఉంటుండె.”

అమ్మ నా చెయ్యి పట్టుకుని నొక్కింది. చాలు అన్నట్టు. కానీ అమ్మ కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆ పెట్టె కొన్న నెలలో బాపు ఇంటికి తక్కువ పంపాడు. ఆ నెలలో అమ్మ రోజూ కూలికి పోయింది.

అప్పుడే అమ్మ ఫోన్ మోగింది. మస్కట్‌లో శుక్రవారం సెలవు. ప్రతి శుక్రవారం ఈ వేళకే బాపు వీడియో కాల్ చేస్తాడు.

పెద్దబాపు చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు. పెట్టె కనబడకుండా అటు తిరిగి నిలబడ్డాడు.

“ఆఁ తమ్మీ. మంచిగున్నవా? తిన్నవా? ఆఁ, అందరం మంచిగనే ఉన్నం. పసుపు ఆరవోసినం. ఈ ఏడు కొమ్ము బలంగ ఉన్నది.”

“అన్నా, వెనుక నుంచి అవ్వ ఏడుస్తున్నట్టు ఇనవడుతున్నది?”

“ఏడుస్తలేదు. పసుపు దుమ్ము కండ్లల్ల వడ్డది.”

నాయనమ్మ చప్పుడు చేయకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మ పెట్టె మూత వేయబోయింది. ఇద్దరూ నన్ను చూశారు. చెప్పకు అన్న చూపు అది. ఈ ఇంట్లో దూరాన ఉన్నవాళ్ళకు చెడ్డ మాట చెప్పం. జ్వరం వచ్చినా, బర్రె చచ్చినా, అన్నీ మంచిగనే ఉన్నాయంటాం. బాపు కూడా అటు నుంచి అదే అంటాడు.

నేను పోయి పెద్దబాపు చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. లాక్కున్నానంటే నిజం.

“బాపు, నీ డబ్బ తుప్పు వట్టింది.”

తెరలో బాపు ముఖం సగమే కనబడుతోంది. వెనకాల ఇనుప మంచాలు, ఆరేసిన చొక్కాలు.

“ఏ డబ్బ?”

“నువ్వు పంపిన సామాన్ డబ్బ. ఇయ్యాల తెరిచినం.”

“ఇయ్యాల?” అన్నాడు బాపు. “నాలుగేండ్లల్ల ఇయ్యాల్నేనా?”

పెద్దబాపు తలగుడ్డ సర్దుకున్నాడు.

“నేను అందరు వాడుకుంటున్నరు అనుకున్న,” అన్నాడు మెల్లగా. “దసరాకు ఫోటో పంపుతరు కద, పూలదండ ఏసి. వాడి వాడి పాతగైందేమో, వచ్చేటప్పుడు ఇంకోటి తీస్కపోదామని అనుకుంటున్న. అది గూడ పెద్ద దుకాణంల కొన్నది గాదు బిడ్డా. క్యాంపు పక్కన తక్కువ ధర సేల్‌ల కొన్న. డ్రిల్ మిషన్ మంచిగనే ఉంటుండె. పానాలైతె అప్పుడే మెత్తగ అనిపించినయ్. ఇంటికాడ ఏదో ఒకటి ఉండాలె గదా అని…”

పెద్దబాపు ఫోన్ ముందుకు వచ్చాడు. ఇన్నాళ్ళూ చెప్పుకు తిరిగిన ఫారిన్ గొప్ప పోయేసరికి ముఖం నల్లబడింది.

“గదంత ఇడిసిపెట్టు తమ్మీ. నీ బిడ్డ సంగతి ఇను. ఆర్మూర్ బస్టాండు కాడ పంపులు రిపేర్ చేస్కుంట కూసుంటదంట. నువ్వన్న చెప్పు. నా మాట ఇంటలేదు.”

బాపు నన్ను చూశాడు. నేను బాపును చూశాను. ఫోన్‌లో తప్ప మేమిద్దరం నాలుగేళ్ళకు పైగా ఒకరి ఎదురుగా ఒకరం నిలబడలేదు.

“జర ఆగు బిడ్డా,” అన్నాడు. “నేను వచ్చేదాక ఆగు. వచ్చినంక నేనే దుకాణం పెడ్త. నువ్వు మంచిగ చదువుకో.”

“ఎప్పుడొస్తవ్ బాపు?”

బాపు పక్కకు చూశాడు.

“పోయినేడు గూడ గట్లనే అన్నవ్. సోమారం పోకుంటె గా బల్ల వేరేటోళ్ళకు పోతది. నేను ఆగ బాపు. పోత. చదువుడు గూడ చదువుత.”

“చూసినవా, చూసినవా?” అన్నాడు పెద్దబాపు. “తండ్రికి ఎదురు మాట్లాడుతున్నది!”

“నువ్వాగు అన్నా.” బాపు గొంతు మారింది. తెరకు దగ్గరగా వచ్చాడు. “ఏమేం కొన్నవ్ బిడ్డా?”

చెప్పాను. ఒక్కొక్కటి పసుపులోంచి తీసి చూపించాను. ప్లేయర్ నోరు మూసి ఎండకు పట్టి చూపించాను. బాపు కళ్ళు చిట్లించి చూశాడు.

“పానాలు?”

“పది-పదకొండు ఒకటి. పన్నెండు-పదమూడు ఒకటి.”

“పంపులకు గా రెండు సాలు,” అన్నాడు. ఇంకేదో అనబోయాడు. వెనక నుంచి ఎవరో పిలిచారు. “మల్ల చేస్త,” అని పెట్టేశాడు.

పొమ్మన్నాడా, వద్దన్నాడా? వాకిట్లో ఉన్న నలుగురం నాలుగు రకాలుగా విన్నామనుకుంటాను. పెద్దబాపు మాత్రం తలగుడ్డ విప్పి దులిపి భుజాన వేసుకున్నాడు. “నేను పొమ్మన్నడని అనుకుంటలేను,” అన్నాడు.

“పందెం ఉన్నది కద బావ,” అంది అమ్మ.

ఆయన జవాబు చెప్పేలోగా ఫోన్ మళ్ళీ మోగింది. బాపు అనుకుని అమ్మ స్పీకర్ పెట్టింది. విద్యావతి గారు.

“శ్యామలా, ఒక్క మాట. నీ నోటెంట ఇందామని చేసిన. పొద్దుగాల ఏడింటికి మీ బావ వచ్చి, పిల్ల రాదు, వేరేటోళ్ళను చూస్కొమ్మన్నడు. నిజమేనా? పెర్కిట్ నుంచి ఒకాయన సామాన్ పట్టుకొని నా ముంగటనే కూసున్నడు. బల్ల ఒక్కటే ఉన్నది మరి. ఏం చెప్పాలె?”

అమ్మ పెద్దబాపును చూసింది. నేనూ చూశాను. ఇందాక పందెం కట్టింది తొమ్మిదింటికి. ఏడింటికే పోయి తలుపు మూసి వచ్చాడు. ఆ నవ్వు ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఆయన తల దించలేదు. “ఇంటి మంచికి చెప్పిన,” అన్నాడు. “చెప్పాలె గనుక చెప్పిన.”

“శ్యామలా? ఇనవడుతున్నదా?” అంది ఫోన్.

“విద్యావతమ్మా, అది అబద్ధం,” అన్నాను. “ఆయనను అర్ధగంట కూసోవెట్టు. వస్తున్న. చెడిపోయిన పంపు ఒకటి ఆయన ముంగట పెట్టు, ఒకటి నా ముంగట పెట్టు. ఎవ్వలది ముందుగాల మంచిగైతె వాళ్ళకే బల్ల.”

“ఎవ్వలు మాట్లాడేది?” అంది ఆమె.

“పూజితను.”

“నువ్వేనా! అర్ధగంట అంటె అర్ధగంటనే చూస్త బిడ్డా. తర్వాత నన్ననొద్దు.”

నేను వంగి సామాను ఏరుకున్నాను. మీటర్ మీద అంటిన పసుపు లంగా గుడ్డతో తుడిచి సంచిలో అన్నిటికంటే పైన పెట్టాను. చెప్పులు వేసుకున్నాను. పెద్దబాపు నాకంటే ముందు గేటు దగ్గరికి పోయి గొళ్ళెం వేసి, వీపు ఆనించి నిలబడ్డాడు.

“ఈ గేటు దాటితె మల్ల ఈ గేటుల అడుగు పెట్టొద్దు. తల్లికి, బిడ్డకు ఇద్దరికి చెప్తున్న.”

నాయనమ్మ “లచ్చన్నా!” అని కేక వేసింది. ఆయన కదల్లేదు.

అమ్మ వచ్చింది. నన్ను ఆపుతుందనుకున్నాను. నన్ను దాటి పోయి, పెద్దబాపు ముందు నిలబడింది. తల మీది కొంగు సర్దుకోలేదు. ఆయన పక్కనుంచి చెయ్యి పెట్టి గొళ్ళెం పైకి లేపింది. బావామరదళ్ళ వరసలో అంత దగ్గరగా అమ్మ ఎప్పుడూ నిలబడి ఉండదు. ఆయనే ఒక అడుగు పక్కకు జరిగాడు.

“శ్యామలా, ముయ్యి గేటు.”

అమ్మ మూయలేదు. రెక్కను తన వైపు లాగి పట్టుకుని నిలబడింది.

నేను దాటాను. రోడ్డు మీద ఆటో ఏదీ లేదు. దారిలో ఏదైనా దొరుకుతుందని ఆర్మూర్ వైపు నడక మొదలుపెట్టాను. వెనకాల గేటు పడ్డ చప్పుడు వినబడింది. అమ్మ గేటుకు ఏ పక్కన ఉండిపోయిందో తిరిగి చూస్తే అర్ధగంట చాలదు.